పిట్ట పేరు చెప్పిందెవరు?

పల్నాడులో పిట్టను ఎగాదిగా చూడడం కొత్త విద్యేమీ కాదు. బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ నడుమ కథ అడ్డం తిరిగింది కోడిపోరు దగ్గరే కదా. పందెపురాయుళ్ళు ఈకల రంగు, మెడ, తోక చూసి కోడికి పేరు పెట్టేస్తారు: ఇది కాకి, ఇది డేగ, అది నెమలి, ఆ మూలనున్నది కౌజు. అన్నీ బయటి పిట్టల పేర్లే. కుక్కుటశాస్త్రం తిరగేస్తే ఏ రోజున ఏ రంగు దేని మీద గెలుస్తుందో కూడా రాసి ఉంటుంది. ఆ గెలుపోటముల లెక్క నమ్మక్కర్లేదు గానీ, రెక్క మీద రెండు ఈకల తేడాను బరి అవతల నుంచే పట్టే ఆ కన్ను మాత్రం నికార్సయిన పక్షి పరిశీలకుడిదే. దసరానాడు పాలపిట్ట కనబడాలని ఊరి పొలిమేర దాకా నడిచే ఆచారం ఇంకొకటి. పొద్దున్నే జట్టుగా వెళ్ళి, ఫలానా పిట్ట కనిపిస్తే సంబరపడి, కనిపించకపోతే ముఖం వేలాడేసుకుని తిరిగిరావడం. బర్డ్‌వాచింగ్ అంటే ఇంతకన్నా ఏముంది?

అయినా ఈ సరదా పుట్టుక రాసేటప్పుడు అందరూ దొరలతోనే మొదలుపెడతారు. ఆ దొరలకు పిట్టల పేర్లు చెప్పిందెవరన్నది నా ప్రశ్న.

1713లో లండన్‌లో జాన్ రే పక్షుల పుస్తకం అచ్చయింది. ఆయన పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ పుస్తకానికి అనుబంధంగా మద్రాసు పిట్టల పట్టిక ఒకటి చేర్చారు. సెయింట్ జార్జి కోటలో కంపెనీ వైద్యుడైన ఎడ్వర్డ్ బక్లీ పంపిన బొమ్మలే దానికి ఆధారం. మన దేశపు పిట్టల గురించి ఐరోపాలో అచ్చయిన తొలి పట్టికల్లో అదొకటి. అందులో పేర్లు కొన్ని తెలుగువి. పొన్నంగి పిట్ట అలాగే సముద్రం దాటింది. 1816లో వియేయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక ప్రజాతికి ఏకంగా ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. ఆ పేరు బక్లీ చెవిన వేసిన మనిషెవరో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ తరవాత పెద్దపేరు థామస్ జెర్డన్‌ది. 1836లో సైనిక వైద్యుడిగా ఇండియాకు వచ్చి, 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడ యానాదులతో తిరిగి జంతువుల పేర్లు, వాటి నడవడి నేర్చుకున్నాడు. 1862–64 మధ్య వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో వెయ్యికి పైగా జాతుల వర్ణన ఉంది. వాటిలో మన ప్రాంతపు పిట్టల దగ్గర తెలుగు పేరు కూడా పొందిగ్గా కనిపిస్తుంది. జెర్డన్ నిజాయితీగల మనిషే, స్థానికుల పేర్లు పారేయలేదు. చెప్పినవాళ్ళ పేర్లు రాయడం మాత్రం ఆ కాలపు అలవాటు కాదు.

ఆ కాలంలో చూడడమంటే కాల్చడమే. తోలు ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి పెట్టెలో పెడితేనే ఆ పిట్టను చూసినట్టు లెక్క. మన పల్లెల్లో టోపీ, పాత కోటు తగిలించుకుని చెక్క తుపాకీతో కోతలు కోసే పిట్టలదొర వేషం ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు చూపించలేను గానీ, ఇలాంటి దొరల్ని చూసి నవ్వుకున్న జనమే దాన్ని కట్టి ఉంటారని నా అనుమానం. తుపాకీ దించి ఊరికే చూడడమనేది పశ్చిమ దేశాల్లో కూడా మొన్నమొన్నటి మాట. అమెరికాలో క్రిస్మస్‌నాటి వేటకు బదులు పిట్టల లెక్కింపు మొదలైంది 1900లో. ఎడ్మండ్ సెలూస్ ‘బర్డ్ వాచింగ్’ అన్న పేరుతో పుస్తకం వేసింది 1901లో.

మన వైపు పద్ధతిగా జరిగిన సర్వేల్లో ముఖ్యమైనది సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యంలో చేసింది. కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాదు, ఫరహాబాదు అడవులు అందులోకి వచ్చాయి. నది ఇవతలి పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు. ఒకే నల్లమల, ఒకే పిట్టలు, మధ్యలో సర్కారు గీత. పిట్టకు అది తెలియదు.

చూడడమే సరదాగా పెట్టుకున్న మనుషులు ఒక సంఘంగా కూడింది 1980లో, హైదరాబాదులో. అటవీ అధికారి పుష్పకుమార్ ముందు నిలిచిన ఆ ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. వాళ్ళ పత్రిక పేరు కూడా ‘పిట్టా’యే. విశాఖ కొండల్లో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు చేసిన పని ఇంకా లోతైనది. అమెరికా నుంచి వచ్చిన డిలన్ రిప్లీ లాంటివాళ్ళు ఆయనతో కలిసి ఆ కొండల పిట్టల మీద పత్రాలు రాశారు. తూర్పు కనుమల పక్షుల గురించి మాట్లాడేవాళ్ళు ఆయన్ని తలవకుండా దాటిపోలేరు.

ఇక కలివికోడి. దీన్ని తొందరగా చెప్పి వదిలేయలేం. జెర్డన్ సేకరించిన ఈ పిట్టకు 1848లో శాస్త్రనామం ఇచ్చారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక జాడ లేదు. ఇక లేదనే అనుకున్నారు. 1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే కుర్ర శాస్త్రవేత్త కడప జిల్లాలో దీని బొమ్మ పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగాడు. చదువుకున్నవాళ్ళు తల అడ్డంగా ఊపారు. పిట్టలు పట్టే ఐతన్నకు మాత్రం అది కొత్త కాదు, కలివిపొదల మధ్య తిరిగే కోడిగా ఎరుకే. పైగా అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు బైనాక్యులర్ పట్టుకుని ఎన్నాళ్ళు తిరిగినా దొరకకపోవడానికి కారణం ఇదే. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర ఐతన్న టార్చిలైటు వేసి దాన్ని చేత్తో పట్టుకొచ్చాడు. పాపం, అది ఎన్నో రోజులు బతకలేదు. కానీ దాని రక్షణకే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరవాత తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం మార్చాల్సి వచ్చింది. ఎనభై ఆరేళ్ళు శాస్త్రానికి దొరకనిది వలవాడి ఎరుకలో ఉంది. ఈసారి ఆ వలవాడి పేరైనా రికార్డుకెక్కింది.

ఇప్పుడు రాష్ట్రం చుట్టూ పిట్టల యాత్ర చేసేవాళ్ళకు ఒక దారి స్థిరపడిపోయింది. లంబసింగి మంచు కొండలు, కోరింగ మడ అడవులు, కొల్లేరు, నేలపట్టు గూడబాతులు, పులికాట్ రాజహంసలు, లంకమల ముళ్ళకంపలు. 1988లో బట్టమేకపిట్ట కోసం ఏర్పాటైన రోళ్ళపాడు గడ్డినేల కూడా ఒకప్పుడు ఈ దారిలో ఉండేది. ఆ పిట్ట అక్కడ కనిపించడం మానేశాక వెళ్ళేవాళ్ళు తగ్గారు. గుంటూరు దాకా వచ్చినవాళ్ళు ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద కొంగల్ని చూసి తృప్తిగా వెనక్కి తిరుగుతారు. పల్నాడులోని బొల్లాపల్లి ఆ దారిలో లేదు.

లేకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ పేరున్న చెరువు లేదు, వేల పిట్టలు ఒక్కచోట వాలవు. వినుకొండ దాటి నల్లమల వైపు వెళ్తే వర్షం మీద బతికే మిరప, పత్తి, కంది చేలు, తండాలు, ఆపైన రాతిగుట్టలు, ఎండితే బూడిదరంగుకు తిరిగే అడవి. వరికపూడిసెల ఎత్తిపోతల నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న ఊళ్ళివి. చేనుగట్టు మీద కౌజు, తీగ మీద పాలపిట్ట, బీడులో తీతువు, గుట్ట మొదట్లో నెమలి: ఒక్క ఉదయం నడకలో నేల నాలుగుసార్లు మారుతుంది. జెర్డన్ 1845లో శాస్త్రానికి ఎక్కించిన పసుపుగొంతు కొండపికిలిని వెతకాల్సింది సరిగ్గా ఇలాంటి రాళ్ళూ తుప్పలూ కలిసిన గుట్టల్లోనే. దక్షిణాదిన తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. రక్షిత అడవిలోకి అడుగుపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. చేలూ గుట్ట అంచులూ చూడడానికి అంత తతంగం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పిట్టలుంటాయి. ఏప్రిల్‌లో ఎండకు తట్టుకోగలిగితే ఇంకా మేలు. నీళ్ళు మిగిలిన చెలమ దగ్గర కూర్చుంటే అడవే నడిచొస్తుంది. ఆ చెలమ ఎక్కడుందో ఫోనులోని మ్యాపుకు తెలియదు, మేకలు తోలుకెళ్ళే మనిషికి తెలుసు. ఆయన్ని వెంట తీసుకెళ్తే ఆ పూట కూలి ముందే మాట్లాడుకోండి. సాయంత్రం చూసిన పిట్టల జాబితా ఎక్కించేటప్పుడు, ఒప్పుకుంటే, ఆయన పేరు కూడా రాయండి.