బడి వదలని చదువు: పనిలో ఉన్న ఇంగ్లీషు టీచర్ల ఉన్నత శిక్షణపై ఒక పరిశీలన

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైనప్పుడు దాని ముఖ్యమైన బాధ్యత ఇంగ్లీషు చెప్పేవాళ్లకు చెప్పడమే. 1972లో విదేశీ భాషలు కూడా చేరి ఆ సంస్థ సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. పేర్లు మారినా, బడిలోనో కాలేజీలోనో ఉద్యోగం చేసుకుంటున్న టీచర్లకు పీజీసీటీఈ, పీజీడీటీఈ (ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా) లాంటి కోర్సులతో బోధనాశాస్త్రం నేర్పే సంప్రదాయం నిలిచింది. దూరవిద్యలో ఆ చదువు తీరు చాలామందికి పరిచయమే: పాఠాలు పోస్టులో వస్తాయి, అసైన్‌మెంట్లు రాసి పంపాలి, కాంటాక్టు తరగతులకు హాజరవ్వాలి, చివర్లో పరీక్ష. పనిలో ఉన్న టీచరు దగ్గర అప్పటికే ఒక తరగతి ఉంది. ఉన్నత శిక్షణ ఆ తరగతిని పరిశోధన వస్తువుగా తీసుకోకపోతే చేతికి పట్టా వస్తుంది కానీ చెప్పే పాఠం మారదు. ఈ వ్యాసం వాదన ఇదే.

శిక్షణ అంటే మనకు మొదట గుర్తొచ్చేది జిల్లా కేంద్రంలో నాలుగైదు రోజుల వర్క్‌షాపు. ఈ నమూనాకు దక్షిణాదిలో పాత చరిత్రే ఉంది. ప్రారంభ తరగతులకు ఇంగ్లీషు చెప్పే టీచర్లకు కొత్త పద్ధతి నేర్పాలని 1950ల చివర్లో మద్రాసు రాష్ట్రంలో ఒక భారీ ప్రయత్నం జరిగింది. దాని గురించి డి.ఎ. స్మిత్ 1962లో రాసిన వ్యాసం శీర్షికలోనే 27,000 మంది అన్న లక్ష్యం కనిపిస్తుంది. కొందరికి నేర్పితే వాళ్లు మరికొందరికి, వాళ్లు ఇంకొందరికి నేర్పాలన్నది ఏర్పాటు. అంతమందిని తక్కువ కాలంలో చేరడానికి వేరే దారి లేదన్నది నిజమే. అయితే ఇలాంటి ఏర్పాటులో చేతులు మారేకొద్దీ మజ్జిగ పలచబడుతుంది. చివరి మెట్టు మీదున్న టీచరుకు చేరేది పద్ధతి ఒక్కటే, దాని వెనకున్న కారణం కాదు.

కారణం చేరకపోతే ఏమవుతుందో చూపడానికి బెంగళూరు ప్రాజెక్టును మించిన ఉదాహరణ లేదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో దక్షిణ భారత పాఠశాలల్లో ఈ ప్రయోగం నడిచింది. వ్యాకరణ సూత్రాన్ని నల్లబల్ల మీద రాయకుండా రైల్వే టైంటేబులో, ఊరి పటమో పిల్లల ముందు పెట్టి, లెక్క తేల్చే పనిలో పడేసి, ఆ పనిలోనే భాష పట్టుబడేలా చేయాలన్నది ఆలోచన. టాస్కు ఆధారిత బోధన గురించి ప్రపంచంలో ఎక్కడ రాసినా దీని ప్రస్తావన ఉంటుంది. కానీ అది తరగతిలో ఎంతవరకు అమలైందో పరిశీలించి అలన్ బెరెట్టా 1990లో చెప్పిన సంగతి మనవాళ్లు తక్కువగా చదివారు. బయటి నుంచి వచ్చి పాఠాలు చెప్పినవాళ్లకు ఆ పద్ధతి వంటబట్టింది. ఆ బడుల్లో రోజూ పనిచేసే మామూలు టీచర్లలో ఎక్కువమందికి అది సొంతం కాలేదు. ఆ టీచర్లను తప్పుపట్టడం తేలిక. కానీ పుస్తకం, పరీక్ష, కిక్కిరిసిన తరగతి, తమ ఇంగ్లీషు మీద తమకే లేని ధీమా, వీటన్నిటి మధ్య మరొకరి ఆలోచనను మోయమన్నాం.

అదే 1990లో ప్రభు మరో వ్యాసం రాశారు. అన్ని చోట్లా పనికొచ్చే ఉత్తమ పద్ధతి లేదనీ, పాఠం ఎలా పిల్లలకు ఎక్కుతుందన్న విషయంలో టీచరుకు సొంతంగా ఏర్పడ్డ నమ్మకం సజీవంగా ఉండడమే ముఖ్యమనీ అందులో వాదించారు. నాలుగు రోజుల వర్క్‌షాపు ఆ నమ్మకాన్ని కదిలించలేదు. ఏడాదో రెండేళ్లో సాగే చదువు కదిలించగలదు, అయితే దాని అసైన్‌మెంటు మారాలి.

ఎలాంటి అసైన్‌మెంటు? ధ్వనిశాస్త్రమే తీసుకుందాం. ఇంగ్లీషు అచ్చుల పట్టికను ఉత్తరాది అభ్యర్థి, తెలుగు అభ్యర్థి ఒకేలా బట్టీ కొట్టి రాస్తారు. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టే మనకు బస్సు, పెన్ను, బుక్కు అయ్యాయి. ఆ అలవాటు ఏడో తరగతి పిల్లల చదువులో ఎక్కడ అడ్డొస్తోంది, ఎక్కడ అసలు అడ్డే కాదు అని తన తరగతిలో విని రాసిన రెండు పేజీలు పట్టిక కన్నా విలువైనవి. వాక్య నిర్మాణమూ అంతే. ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అనడానికి తెలుగులో మాటల వరస మార్చే అవసరం లేదు. కాబట్టి పిల్లవాడు ‘వేర్ యూ ఆర్ గోయింగ్’ అంటాడు. ఒక తరగతి నోటుపుస్తకాల్లో ఈ ఒక్క తప్పునే వెతికి, ఎవరు దాటేశారో, ఎవరు అక్కడే ఆగారో చూస్తే అది పరిశోధనే. ఇంకొకటి: సెల్‌ఫోన్లో తన పాఠాన్నే పది నిమిషాలు రికార్డు చేసి, మాట మాటా రాసుకుని, తాను అడిగిన ప్రశ్నల్లో ముందే జవాబు తెలిసినవి ఎన్నో లెక్కపెట్టడం. ఇబ్బందికరమైన లెక్కే, అందుకే కావాలి.

ఇప్పుడు ఈ అవసరం ఇంగ్లీషు టీచర్లతో ఆగడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు చేతికొచ్చాయి. లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంటు కూడా ఆ ఎదురెదురు పేజీల మధ్య రోజూ భాషా నిర్ణయాలు తీసుకుంటున్నారు. ముందు ఏ పేజీ చదివించాలి, వివరణ ఏ భాషలో, జవాబు ఏ భాషలో? తరగతిలో తెలుగు వినిపిస్తే తప్పు అన్న పాత పట్టింపుతో ఈ ప్రశ్నలు తేలవు. ఉన్నత శిక్షణ వీళ్లకు తలుపు తెరవకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

దూరవిద్యను రెండో రకం చదువుగా చూడడం మనకు అలవాటు. టీచర్ల విషయంలో ఆ అంచనా తలకిందులు. బడి వదలకుండా చదివేవాళ్లకే సోమవారం చదివినదాన్ని మంగళవారం తరగతిలో పరీక్షించే వీలుంటుంది. కాంటాక్టు తరగతులను వేసవి సెలవులకే పరిమితం చేయడం ఈ వీలును వృథా చేస్తుంది, ఎందుకంటే అప్పుడు ఎవరి ముందూ పిల్లలు ఉండరు. వాటిలో కొంత భాగాన్ని విద్యా సంవత్సరం మధ్యకు జరిపి, మొత్తం మార్కుల్లో కనీసం సగం సొంత తరగతి పరిశీలనకు కేటాయించాలి. దీనికి అడ్డంకి టీచర్లు కాదు, దిద్దేవాళ్లు. రాత పరీక్ష పేపరు దిద్దినంత తొందరగా తరగతి సంభాషణ రాతప్రతిని దిద్దలేరు. ఆ గంటలను విశ్వవిద్యాలయాలు అధ్యాపకుల పనిభారంలో చూపించాలి. బడి వైపు నుంచి హెడ్‌మాస్టరు వారానికి ఒక పీరియడైనా ఖాళీ ఇవ్వాలి. ఎన్నికల విధులకు టీచర్లను వదలగలిగిన విద్యాశాఖకు ఈ పీరియడు కోసం ఒక ఉత్తర్వు ఇవ్వడం కష్టమేమీ కాదు.