స్టెర్లింగ్ సబ్‌మెషిన్ గన్

స్టెర్లింగ్ అనేది బ్రిటిష్ సైన్యం 1953లో స్వీకరించిన 9 మి.మీ. సబ్‌మెషిన్ గన్. లండన్ శివారు డాగెన్‌హామ్‌లోని స్టెర్లింగ్ కంపెనీలో జార్జ్ ప్యాచెట్ దీన్ని రూపొందించాడు. మన సైనికులు, పోలీసులు కార్బైన్ అని పిలిచిన తుపాకి ఇదే. స్టెన్‌గన్ స్థానంలో వచ్చిన మెరుగైన ఆయుధమని దీని గురించి సాధారణంగా రాస్తారు. అది నిజమే గానీ, మెరుగుదల ఎక్కడ ఉందో ఆ మాట చెప్పదు. పేలే పద్ధతిలో రెండూ దాదాపు ఒకటే: ట్రిగ్గర్ నొక్కగానే వెనక ఆగి ఉన్న బరువైన బోల్ట్ ముందుకు దూసుకొచ్చి తూటాను పేలుస్తుంది, ఆ పేలుడు ధాటికే వెనక్కి పోతుంది. అసలు తేడా తూటా మ్యాగజైన్ నుంచి బ్యారెల్‌కు చేరే దారిలో ఉంది.

1940లో ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి వెనుదిరిగిన బ్రిటన్‌కు చవకగా, వేగంగా తయారయ్యే తుపాకి కావలసి వచ్చింది. 1941లో షెపర్డ్, టర్పిన్ రూపొందించిన స్టెన్ ఆ అవసరం తీర్చింది. దాదాపు 40 లక్షలు తయారయ్యాయి. అయితే దాని మ్యాగజైన్‌లో రెండు వరుసల తూటాలు పైకి వచ్చేసరికి ఒకే వరుసగా ఇరుక్కుంటాయి. మూతి అంచు కాస్త వంగినా, దుమ్ము చేరినా తుపాకి మొరాయించేది. అందుకే 32 తూటాలు పట్టే మ్యాగజైన్‌లో సైనికులు కొన్ని తక్కువే నింపేవారు. 1942 మే 27న ప్రాగ్‌లో నాజీ అధికారి హైడ్రిష్‌పై గురిపెట్టిన స్టెన్ పేలకపోవడాన్ని చాలామంది ఉదాహరిస్తారు. దాని కారణంపై కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు కనుక దాన్ని రుజువుగా తీసుకోలేం.

ప్యాచెట్ 1942లో పని మొదలుపెట్టి మూలానికే వెళ్లాడు. 34 తూటాల మ్యాగజైన్‌ను వంపుగా చేశాడు. తూటాలను పైకి నెట్టే పలక బదులు చిన్న రోలర్లు పెట్టాడు. తూటాలు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి అందేలా అమర్చాడు. బోల్ట్ మీద మెలితిరిగిన గట్లు మసిని, ఇసుకను గీకి పక్కకు నెట్టేస్తాయి. నిమిషానికి సుమారు 550 తూటాల వేగం, 2.7 కిలోల బరువు, కిందికి మడిచే బట్ కూడా మెచ్చదగినవే గానీ, తుపాకిని నమ్మదగినదిగా నిలబెట్టింది ఆ మ్యాగజైనే. స్టెన్ మ్యాగజైన్ ఇందులోనూ పట్టేది కదా, మరి ఘనత బోల్ట్‌దే కాదా అని అడగవచ్చు. పట్టడం పాత నిల్వలు వాడుకోవడానికి పనికొచ్చింది. మూతి లోపం మాత్రం మ్యాగజైన్‌తో పాటే వచ్చేది.

స్టెర్లింగ్ ఖరీదైనది, పైగా ఆలస్యంగా వచ్చిందన్న ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. 1944లోనే పరీక్షకు నిలిచిన తుపాకికి, 1947 నాటి పోటీ పరీక్షలూ దాటుకుని ఆమోదం దక్కేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. అయినా 1954లో సైన్యానికి వచ్చిన ఎల్1ఎ1 రైఫిల్ పొడవు మీటరుకు పైనే. వాహన చోదకులకు, సిగ్నల్ సిబ్బందికి, శతఘ్ని దళాలకు పొట్టి ఆయుధం అవసరం అలాగే ఉండిపోయింది.

1953లో స్వీకరించిన ఎల్2ఎ1 రకం తర్వాత స్వల్ప మార్పులతో ఎల్2ఎ2, 1950ల మధ్యలో స్థిరరూపమైన ఎల్2ఎ3 వచ్చాయి. ఎల్34ఎ1 రకానికి శబ్దాన్ని అణచే గొట్టం బ్యారెల్‌లో భాగమే. బ్యారెల్‌కు పొడిచిన రంధ్రాల గుండా వాయువు తప్పించుకోవడంతో మామూలు తూటా వేగమే ధ్వనివేగం కన్నా తగ్గిపోతుంది. ఇది ఎంతో తెలివైన ఏర్పాటు. బ్రిటన్‌తో జరిగిన 1982 ఫాక్‌లాండ్ యుద్ధంలో ఈ రకాన్ని అర్జెంటీనా దళాలు సైతం పట్టుకొచ్చాయి. కెనడా 30 తూటాల మ్యాగజైన్‌తో సి1 పేరిట తయారుచేసుకుంది. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో సైనికులు పట్టుకున్న ఆయుధాలు స్టెర్లింగ్‌కు అలంకారాలు చేర్చి తయారుచేసినవే. భారత్‌లో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ 1ఎ1 కార్బైన్‌ను, శబ్దం అణచే 2ఎ1ను తయారుచేసింది. డాగెన్‌హామ్ కంపెనీ 1988లో మూతపడింది.