వెనుక ఇరుసు నిష్పత్తి: లాగుడుకూ పరుగుకూ నడుమ ఒక సాంకేతిక చరిత్ర (ఆదోని – ఎమ్మిగనూరు నేపథ్యం)

వ్యాససంగ్రహం: మోటారు వాహనపు వెనుక ఇరుసులో రెండు పళ్ళచక్రాలు ఉంటాయి. వాటి పళ్ళ సంఖ్యల నిష్పత్తి ఆ వాహనం ఏ పనికి తయారైందో తెలిపే చారిత్రక ఆధారం. బరువు లాగడం, వేగంగా పరుగెత్తడం అనే రెండు అవసరాల మధ్య కుదిరిన ఒప్పందం ఆ అంకెలో కనిపిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు బండి, రాట్నం అనుభవాల నుంచి బయలుదేరి, జీపు, ఆటోమేటిక్ కారుల చరిత్ర మీదుగా ఆ నిష్పత్తిని ఎలా చదవాలో, తెలుగులో ఏ మాటలతో చెప్పాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇరుసు, నిష్పత్తి, లాగుడు, పరుగు, రాట్నం, జీపు, ఆటోమేటిక్ గేరు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఆ తరువాతనే అవి కర్నూలు జిల్లాలో చేరాయి. నల్లరేగడి నేలల పత్తికి ఆదోని పెద్ద మార్కెట్టు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. అక్కడ 1938లో చేనేత కార్మికుల సహకార సంఘాన్ని స్థాపించిన మాచాని సోమప్పకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించింది. మద్రాసు, బొంబాయిల నుంచి వచ్చిన రైలుమార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆదోని ఆ మార్గం మీదనే ఉంది. ఎమ్మిగనూరుకు ఆ భాగ్యం కలగలేదు. అందువల్ల రైలు ఆగినచోటి నుంచి మగ్గం వరకు మిగిలిన దూరాన్ని మొదట ఎద్దులబండి, తరువాత మోటారు బండి పూరించవలసి వచ్చింది.

రవాణా చరిత్ర రాసేటప్పుడు రైలు వచ్చిన సంవత్సరాన్నీ, రోడ్డు పొడవునూ, జిల్లా సరిహద్దుల మార్పునూ నమోదు చేస్తాం. బండి లోపలి ఎంపికను మాత్రం యంత్రశాస్త్రానికి వదిలివేస్తాం. ఆ ఎంపిక కూడా చరిత్రే అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. ఇరుసు: ఒకే మాట, రెండు పనులు

ఎద్దులబండిలో ఇరుసు తిరగదు. అది స్థిరంగా ఉంటే చక్రాలు దాని కొసల మీద తిరుగుతాయి. ఆ రాపిడి తగ్గించడానికే కందెన. మోటారు వాహనపు వెనుక ఇరుసు ఇందుకు భిన్నమైనది. దాని తొడుగు కదలదు గాని, లోపలి కడ్డీలు తిరిగి చక్రాలను తిప్పుతాయి. ఇంజను నుంచి వచ్చే పొడవాటి కడ్డీ చివర పినియను అనే చిన్న పళ్ళచక్రం, దానికి అడ్డంగా క్రౌను అనే పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. క్రౌను పళ్ళను పినియను పళ్ళతో భాగిస్తే వచ్చేదే ఇరుసు నిష్పత్తి. బండినాటి మాట మోటారుకు సంక్రమించింది కాని, దాని అర్థం లోలోపల మారిపోయింది. కందెన అవసరం మాత్రం గేరు ఆయిలు రూపంలో నేటికీ కొనసాగుతున్నది.

3. తలకిందులైన రాట్నం

ఈ నిష్పత్తిని అర్థం చేసుకోవడానికి ఎమ్మిగనూరు వంటి నేత ఊరిలో కొత్త ఉపమానం వెతకనక్కరలేదు. రాట్నంలో పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే సన్నని కదురు అనేక చుట్లు తిరుగుతుంది. అక్కడ బలాన్ని ఇచ్చి వేగాన్ని పొందుతున్నాం. వెనుక ఇరుసు సరిగ్గా దీనికి తలకిందులు. చిన్నచక్రం అనేక చుట్లు తిరిగితే పెద్దచక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగాన్ని ఇచ్చి బలాన్ని పొందుతున్నాం. రెండింటిలోనూ సూత్రం ఒకటే: ఒకటి వదులుకోనిదే మరొకటి దక్కదు.

1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో క్రౌనుకు 40 పళ్ళు, పినియనుకు 11 పళ్ళు ఉండేవి. అంటే నిష్పత్తి సుమారు 3.64. చక్రం ఒక చుట్టు తిరగడానికి కడ్డీ 3.64 చుట్లు తిరగాలి. 40కీ 11కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. కనుక ప్రతి పన్నూ ఎదుటి చక్రంలోని ప్రతి పన్నుతోనూ వరుసగా కలుస్తుంది. అరుగుదల అన్ని పళ్ళకూ సమంగా పంచబడుతుంది.

4. యుద్ధపు జీపు, పొలపు జీపు

నిష్పత్తిని చారిత్రక ఆధారంగా చదవడానికి జీపు మంచి ఉదాహరణ. రెండవ ప్రపంచయుద్ధంలో వాడిన విల్లీస్ ఎం.బి. జీపు ఇరుసు నిష్పత్తి 4.88, అంటే 39 పళ్ళకు 8. యుద్ధం ముగిసిన 1945లో అదే సంస్థ రైతుల కోసం తెచ్చిన సి.జె.-2ఎ జీపులో అది 5.38 అయింది, అంటే 43 పళ్ళకు 8. ఇంజను కుటుంబం మారలేదు. వాడుకరి మారాడు. సైనికుడి చేతి నుంచి బండి నాగలి లాగవలసిన రైతు చేతికి వచ్చింది.

ఈ మార్పు విలువను లెక్కగట్టవచ్చు. టైరు చుట్టుకొలత 2.26 మీటర్లు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 442 చుట్లు తిరుగుతుంది. నేరుగేరులో ఇంజను 4.88తో సుమారు 2,160 చుట్లు, 5.38తో సుమారు 2,380 చుట్లు తిరగాలి. పదిశాతం అదనపు లాగుడుకు పదిశాతం అదనపు చుట్లు మూల్యం. మహీంద్రా సంస్థ 1940ల చివర బొంబాయిలో కూర్చడం ప్రారంభించిన జీపులు ఈ కుటుంబానికి చెందినవే. కంకర దారులకూ రేగడి బురదకూ పరుగుకన్న లాగుడే ముఖ్యమైన దేశంలో అవి దశాబ్దాలపాటు నిలిచాయి.

5. ఆటోమేటిక్ కారు తెచ్చిన మార్పు

ఆటోమేటిక్ గేరు రాకతో ఈ ఒప్పందపు షరతులు మారాయి. 1950లో షెవర్లే కారుకు పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ పెట్టె వచ్చింది. చేతిగేరు షెవర్లేకు ఇరుసు నిష్పత్తి 4.11 ఉండగా, పవర్‌గ్లైడ్ కారుకు 3.55 పెట్టారు. పవర్‌గ్లైడ్‌తో కాస్త పెద్ద ఇంజనును జతచేయడం ఇందుకు ఒక కారణం. అంతకన్న మౌలికమైన కారణం టార్క్ కన్వర్టర్. నూనెతో పనిచేసే ఈ సాధనం బండి కదిలే వేళ ఇంజను తిప్పుబలాన్ని దాదాపు రెండింతలు చేస్తుంది. వేగం అందుకున్నకొద్దీ ఆ పెంపు తగ్గిపోతుంది. బండిని కదిలించే భారంలో కొంత కన్వర్టర్ మోస్తుంది గనుక, ఇరుసు పరుగు వైపు కొద్దిగా మొగ్గవచ్చు.

ఈ స్వేచ్ఛకు హద్దు ఉంది. నిష్పత్తి మరీ తగ్గితే కన్వర్టర్ ఎక్కువసేపు జారుతూ ఉంటుంది. నూనె వేడెక్కుతుంది, ఇంధనం వృథా అవుతుంది. మరీ పెరిగితే పెద్ద రోడ్డు మీద ఇంజను అనవసరంగా హోరెత్తుతుంది. తరువాతి కాలపు నాలుగుగేర్ల ఆటోమేటిక్ పెట్టెలు ఈ చిక్కును చాలావరకు విప్పాయి. పైగేరు 0.70 అయితే 4.11 ఇరుసు కూడా ఆ గేరులో 2.88 లాగే ప్రవర్తిస్తుంది. ఊరిలో లాగుడు, రహదారి మీద పరుగు రెండూ అందుతాయి.

6. వీధికారుకు ఎంపిక

వెనుక చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కారును ఆదోని బజారులోనూ, ఎమ్మిగనూరు దారిలోనూ తిప్పే యజమానిని ఊహించుకుందాం. అతడు మొదట అడగవలసింది గరిష్ఠవేగం ఎంత అని కాదు, రోజులో ఎక్కువసేపు ఏ వేగంతో తిరుగుతాను అని. గంటకు పోయే కిలోమీటర్లను 1000తో హెచ్చించి, 60తోనూ టైరు చుట్టుకొలత మీటర్లతోనూ భాగించి, ఇరుసు నిష్పత్తితోనూ పైగేరు నిష్పత్తితోనూ హెచ్చిస్తే ఇంజను చుట్లు వస్తాయి. చుట్టుకొలత 2 మీటర్లు, వేగం 100, పైగేరు 1 అయితే 4.11 ఇరుసుతో సుమారు 3,425 చుట్లు, 3.08తో సుమారు 2,567. కన్వర్టర్ జారుడు వల్ల నిజానికి ఇవి కొంచెం పెరుగుతాయి. ఆ చుట్ల వద్ద తన ఇంజను సుఖంగా లాగగలదా అన్నదే నిర్ణయానికి గీటురాయి.

టైరును మరచిపోరాదు. చుట్టుకొలత పదిశాతం పెరిగితే 4.11 ఇరుసు 3.74 అయినట్లే. కడ్డీ వైపు నుంచి వేగాన్ని కొలిచే బండ్లలో ఇరుసు మార్చినప్పుడు వేగమాపకాన్నీ సరిచేయాలి. నేటి చిన్నకార్లలో అధికభాగం ముందుచక్రాలతో నడుస్తాయి. వాటిలో ఈ పళ్ళజత గేరుపెట్టెలోనే ఉంటుంది. 2014లో మారుతి సెలెరియోతో మనదేశంలో ప్రచారంలోకి వచ్చిన ఎ.ఎం.టి. పద్ధతిలో టార్క్ కన్వర్టరే లేదు. చేతిగేరునే యంత్రం మారుస్తుంది. పవర్‌గ్లైడ్ న్యాయం దానికి వర్తించదు.

7. మాట తెచ్చే చిక్కు

ఆంగ్లంలో 'హై' అనే విశేషణం ఒకసారి పెద్ద అంకెను, మరొకసారి వేగపుగేరును సూచిస్తుంది. ఈ రెండు అర్థాలు పరస్పర విరుద్ధాలు. దానిని 'అధిక నిష్పత్తి' అని అనువదిస్తే తెలుగు విద్యార్థికి అయోమయమే మిగులుతుంది. తెలుగులో ఈ చిక్కు అవసరం లేదు. 'బండి లాగడం లేదు' అని డ్రైవరు నిత్యం అంటాడు. పెద్ద అంకెను 'లాగుడు నిష్పత్తి' అనీ, చిన్న అంకెను 'పరుగు నిష్పత్తి' అనీ, పక్కన అంకెతో సహా వ్యవహరించాలని ఈ వ్యాసం సూచిస్తున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికి (1962), రెండవది చేనేతకు (1971) సంబంధించినవి. పత్తి పండించే ఆదోనికీ, బట్ట నేసే ఎమ్మిగనూరుకూ ఆ రెండూ అద్దాల వంటివి. ఆ రెండు వృత్తులనూ కలిపే దారి మీద పనిచేసే మెకానిక్కు మాటలు కూడా అంతటి శ్రద్ధతో సేకరించదగినవి. షెడ్డులో ఉన్న పెద్దతరంతో అవి వెళ్ళిపోకముందే ఆ పని జరగాలి.

8. ముగింపు

43 పళ్ళకు 8 అన్న అంకె వెనుక ఒక రైతు ఉన్నాడు. 3.55 అన్న అంకె వెనుక గేరు మార్చే శ్రమ వద్దనుకున్న ఒక పట్టణవాసి ఉన్నాడు. ఇరుసు నిష్పత్తిని ఎంచుకోవడమంటే బండి ఎవరికోసమో, ఏ దారికోసమో నిర్ణయించడమే. శాసనంలోని అంకెను చదివినంత జాగ్రత్తగా పాత జీపు ఇరుసులోని పళ్ళను లెక్కించే పరిశోధకుడికి, పడమటి కర్నూలు రవాణా చరిత్రలో ఇంతవరకు తెరవని అధ్యాయం ఒకటి తెరుచుకుంటుంది.