బేస్ డ్రమ్‌కు బెజ్జం: డ్రమ్‌కిట్ నిర్మాణచరిత్రలో ఒక ఎంపిక – పరిశీలన

వ్యాససంగ్రహం:

డ్రమ్‌కిట్‌లోని బేస్ డ్రమ్ పైభాగంలో చిన్న డ్రమ్ములను నిలపడానికి బెజ్జాలు వేసినది కావాలా, వేయనిది కావాలా అన్నది వాద్యకారులు, తయారీదారులు, పాత వాద్యాల సేకర్తలు తరచుగా ఎదుర్కొనే ప్రశ్న. బెజ్జం లేని డ్రమ్మే మేలైనదనీ, అదే అసలైనదనీ ఒక అభిప్రాయం వీరిలో బలపడింది. ఆ బెజ్జం ఏ అవసరంతో, ఏ దశలో వచ్చిందో చారిత్రకంగా పరిశీలించి, ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: డ్రమ్‌కిట్, బేస్ డ్రమ్, టామ్, షెల్, వాద్యనిర్మాణం, అసలుదనం.

1. ఉపోద్ఘాతం

ఒకే వాద్యకారుడు కూర్చుని రెండు చేతులతో, రెండు కాళ్లతో వాయించే డ్రమ్ముల, తాళాల సముదాయమే డ్రమ్‌కిట్. అందులో నేలపై అడ్డంగా నిలిపి, కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్ బేస్ డ్రమ్. దాని పైన వాద్యకారునికి ఎదురుగా ఉండే చిన్న డ్రమ్ములను టామ్‌లు అంటారు. టామ్‌ను పట్టి ఉంచే లోహపు అమరికను బిగించడానికి బేస్ డ్రమ్ చెక్కగుల్లకు, అంటే షెల్‌కు, పైభాగంలో బెజ్జాలు వేస్తారు. అవి లేని డ్రమ్‌ను వాద్యకారుల పరిభాషలో 'వర్జిన్' బేస్ డ్రమ్ అంటారు.

ఈ పేరు విషయంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ఆధునిక కిట్లలో బెజ్జమే లేని బేస్ డ్రమ్ దాదాపు ఉండదు. మూతను లాగి బిగించే మరలకు, డ్రమ్ ముందుకు జారకుండా ఆపే కాళ్లకు, లోపలి గాలి వెలుపలికి పోవడానికి షెల్‌ను తొలుస్తూనే ఉన్నారు. కనుక 'వర్జిన్' అంటే టామ్ అమరిక కోసం వేసే బెజ్జాలు లేవని మాత్రమే అర్థం. రెండవది, ఆ పేరు కేవల వస్తువర్ణన కాదు. స్త్రీశరీరానికి పితృస్వామ్యం అంటగట్టిన కన్యత్వభావనను ఒక చెక్కగుల్లకు ఆరోపించి, తొలచనిది పవిత్రమనీ తొలచినది చెడినదనీ ఆ మాటే ముందుగా తీర్పు చెబుతున్నది. వాద్యలక్షణాలను బట్టి చేయవలసిన ఎంపికను పరిభాష ప్రభావితం చేస్తున్నది. ఈ తీర్పును చరిత్ర సమర్థిస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ఊరేగింపు నుండి పెడల్ వరకు

18వ శతాబ్దంలో ఒట్టోమన్ జానిసరీ సైనికవాద్యబృందాల ప్రభావంతో బేస్ డ్రమ్ ఐరోపా సంగీతంలో స్థిరపడింది. 1794లో లండన్‌లో తొలిసారి ప్రదర్శితమైన హైడన్ 'మిలిటరీ' సింఫనీలో దీని వినియోగం ప్రసిద్ధం. సైనికబృందాలలో దీనిని ఒంటికి తగిలించుకుని నడుస్తూ వాయించేవారు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళంలో కనిపించే పెద్ద డ్రమ్ ఈ సైనికపరంపరకు చెందినదే. ఈ దశలో డ్రమ్‌ను మనిషి మోశాడు. డ్రమ్ మరొక వాద్యాన్ని మోయలేదు.

19వ శతాబ్ది చివరికి అమెరికా నాటకశాలలలో, నృత్యశాలలలో ఒకే వాద్యకారుడు స్నేర్ డ్రమ్‌నూ బేస్ డ్రమ్‌నూ కర్రలతో మార్చి మార్చి వాయించే 'డబుల్ డ్రమ్మింగ్' పద్ధతి వ్యాపించింది. కాలితో వాయించే ప్రయత్నాలు అంతకుముందే ఉన్నా, వేగానికి తట్టుకునే పెడల్‌ను రూపొందించి విలియం ఎఫ్. లుడ్విగ్ తన సోదరుడు థియోబాల్డ్‌తో కలిసి 1909లో షికాగోలో కంపెనీ స్థాపించారు. దీనితో వాద్యకారుని రెండు చేతులకూ కొత్త వాద్యాలను అందుకునే వీలు కలిగింది. మూకీచిత్రాలకు, వినోదప్రదర్శనలకు కావలసిన గంటలు, చెక్కదిమ్మలు, తాళాలు, చైనా టామ్‌లు బేస్ డ్రమ్ చుట్టూ చేరాయి. వీటిని ఎక్కువగా డ్రమ్ అంచుచట్రానికి పట్టీలతో బిగించేవారు. తరువాత చక్రాలున్న 'కన్సోల్' చట్రాలు కూడా వచ్చాయి. అంటే షెల్‌ను తొలచకుండానే భారాన్ని నిలిపే మార్గాలు తొలినాళ్లలోనే ఉన్నాయి.

3. భారం మోసిన డ్రమ్

మూకీచిత్రాల యుగం ముగియడంతో ధ్వనిపరికరాల అవసరం తగ్గింది. 1930లలో స్వింగ్ సంగీతం టామ్‌కు ప్రాముఖ్యం తెచ్చింది. బెన్నీ గుడ్‌మన్ బృందంలో వాయించిన జీన్ క్రూపా, స్లింగర్లాండ్ కంపెనీ ద్వారా, రెండువైపులా బిగువు సవరించగల టామ్‌లకు ప్రచారం కల్పించారు. బేస్ డ్రమ్, స్నేర్, పైన ఒక టామ్, నేలపై ఒక టామ్ అనే నాలుగు డ్రమ్ముల నమూనా స్థిరపడింది. అదే కాలం నుండి బేస్ డ్రమ్ వ్యాసం 28, 26 అంగుళాల నుండి క్రమంగా 22, 20 అంగుళాలకు తగ్గుతూ వచ్చింది. డ్రమ్ ఎత్తు తగ్గడంతో దానిపై టామ్‌ను చేతికి అందేలా నిలపడం సులువైంది. అంచుపట్టీల స్థానంలో షెల్‌కే బిగించే లోహపుపట్టాలు వాడుకలోకి వచ్చాయి.

ఈ దశకు రింగో స్టార్ కిట్లు చక్కని ఉదాహరణ. 1963లో లండన్‌లోని డ్రమ్ సిటీ దుకాణం నుండి ఆయన తీసుకున్న లుడ్విగ్ కిట్‌లో బేస్ డ్రమ్ వ్యాసం 20 అంగుళాలు. బీటిల్స్ కాలపు ఆయన లుడ్విగ్ కిట్లు కొన్నింటిలో టామ్‌ను నిలిపినది లుడ్విగ్ పట్టా కాదు. రోజర్స్ కంపెనీవారి 'స్వివ్-ఓ-మాటిక్' అనే గోళపుకీలు అమరిక. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమం తరువాత ఎందరో యువకులు కోరుకున్న డ్రమ్ రూపం టామ్‌ను మోసే బేస్ డ్రమ్‌దే. 1960ల చివర రెండు టామ్‌ల కిట్లు, ఆ తరువాత గొట్టం షెల్ లోపలికి దిగే అమరికలు వ్యాపించాయి.

4. తొలచని షెల్ వైపు మళ్లింపు

టామ్‌ల సంఖ్య, బరువు పెరిగేకొద్దీ వాటిని వేరే ఆధారంపై నిలపాలన్న ఆలోచన బలపడింది. గ్యారీ గాగర్ రూపొందించిన 'రిమ్స్' అమరిక టామ్‌ను షెల్ వద్ద కాక అంచున పట్టి వేలాడదీసింది. 1980లలో జెఫ్ పొర్కారో తోడ్పాటుతో పెర్ల్ కంపెనీ తెచ్చిన లోహపుచట్రం టామ్‌ల భారాన్ని బేస్ డ్రమ్ నుండి పూర్తిగా తప్పించింది. షెల్‌ను స్వేచ్ఛగా కంపించనివ్వాలన్న భావన ఈ కాలంలోనే బలంగా వ్యాపించింది. అనంతరకాలంలో తొలచని బేస్ డ్రమ్ మేలురకం కిట్లకు గుర్తుగా మారింది. కాబట్టి నేడు మనం చూస్తున్న తొలచని డ్రమ్, డ్రమ్‌కిట్ ఆదిరూపం చెక్కుచెదరకుండా మిగిలినది కాదు, ఆధునిక నిర్మాణనిర్ణయం.

5. నాదం, బరువు, అమరిక

బెజ్జం వల్ల నాదం చెడుతుందన్న వాదాన్ని చిన్న లెక్కతో పరిశీలించవచ్చు. 22 అంగుళాల వ్యాసం, 16 అంగుళాల లోతు ఉన్న షెల్ ఉపరితలం సుమారు 1,100 చదరపు అంగుళాలు. పావు అంగుళపు బెజ్జాలు నాలుగు వేస్తే పోయే చెక్క 0.2 చదరపు అంగుళం, అంటే 0.02 శాతం. ఒకటిన్నర అంగుళాల పెద్ద బెజ్జానికి కూడా 0.16 శాతమే. కనుక తేడాకు కారణాన్ని పోయిన చెక్కలో కంటే చేరిన బరువులో వెదకడం సమంజసం. లోహపు అమరిక, టామ్ కలిసి షెల్ పైభాగాన్ని అదిమి పడతాయి; టామ్ కంపనం బేస్ డ్రమ్‌కు, బేస్ డ్రమ్ అదురు టామ్‌కు చేరుతాయి.

అమరిక విషయంలో లాభనష్టాలు రెండువైపులా ఉన్నాయి. తొలచిన డ్రమ్ అయితే ఒక స్టాండ్ తగ్గుతుంది. ఇరుకు వేదికపై, ప్రతి కార్యక్రమానికీ కిట్‌ను మోసుకుపోయే బృందానికి అది పెద్ద వెసులుబాటు. కాని టామ్ స్థానం బెజ్జం ఉన్న చోటుకు పరిమితమవుతుంది. తొలచని డ్రమ్ అయితే టామ్‌ను కావలసిన చోట నిలపవచ్చు; 24, 26 అంగుళాల పెద్ద డ్రమ్‌పై ఎత్తు సమస్యను ఇది తీరుస్తుంది. అయితే స్టాండ్ కాళ్లకు చోటు, అదనపు బరువు తప్పవు.

6. అసలుదనం అనే ప్రశ్న

ఈ చర్చలో చరిత్రకారునికి ముఖ్యమైన అంశం ఇదే. తాళపత్రంలో తాడు దూర్చడానికి వేసిన రంధ్రం ఆ ప్రతి నిర్మాణంలో భాగం. పురుగు తొలిచిన రంధ్రం వేరు. అలాగే 1960ల నాటి డ్రమ్‌కు కర్మాగారంలోనే వేసిన బెజ్జం దాని అసలురూపంలో భాగం. వాద్యకారుడు తరువాత వేయించుకున్న బెజ్జం వినియోగచరిత్రకు సాక్ష్యం. రింగో కిట్లపై రోజర్స్ అమరిక అటువంటిదే. 'శుద్ధి' పేరిట వాటిని పూడ్చి పైపూత వేస్తే, ఆ డ్రమ్‌ను ఎవరు ఎలా వాయించారో తెలిపే భౌతికాధారం చెరిగిపోతుంది.

7. ముగింపు

• తొలచని డ్రమ్ మాత్రమే అసలైనదన్న అభిప్రాయానికి చారిత్రకాధారం లేదు. తొలచినదీ తొలచనిదీ వేర్వేరు కాలాల, వేర్వేరు అవసరాల ఫలితాలు.

• కొత్త డ్రమ్ ఎంచుకునేవారు ఒక అసమానతను గుర్తించాలి: తొలచని డ్రమ్‌ను రేపు తొలచవచ్చు; తొలచినదాన్ని పూర్వస్థితికి తేలేము. సందేహం ఉన్నచోట తొలచనిదాన్ని ఎంచుకోవడానికి ఇది బలమైన కారణం. దీనికి పవిత్రతతో సంబంధం లేదు.

• ఒకే టామ్‌తో, తక్కువ సామగ్రితో తిరిగే వాద్యకారునికి తొలచిన డ్రమ్ సముచితమైన ఎంపికే.

• పాత డ్రమ్ ఏ స్థితిలో దొరికితే ఆ స్థితిలో ఉంచడం మేలు. లేని బెజ్జం వేయడమూ, ఉన్న బెజ్జం పూడ్చడమూ సాక్ష్యాన్ని మార్చడమే.