భోపాల్: నమోదు కాని వాంగ్మూలాలు

1984 డిసెంబర్ 2-3 రాత్రి యూనియన్ కార్బైడ్ విషవాయువు భోపాల్‌లో వేల ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడాది బాధితులందరి తరఫున భారత ప్రభుత్వం న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. అక్కడ భారీ పరిహారానికి అవకాశం ఉండడమే కాదు, డిపోజిషన్ అనే ఆయుధమూ ఉంది.

అమెరికా సివిల్ విధానంలో విచారణకు ముందే, న్యాయమూర్తి లేని గదిలో, ప్రత్యర్థి సంస్థ అధికారుల చేత ప్రమాణం చేయించి గంటల తరబడి ప్రశ్నించవచ్చు. నేర్పరి న్యాయవాది అక్కడ వాదానికి దిగడు. పత్రాన్ని ముందుంచి, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు అని అడుగుతాడు. సాక్షి రేపు మాట మార్చే దారిని ఈనాడే మూసివేస్తాడు. 1998లో మైక్రోసాఫ్ట్ కేసులో ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బోయీస్ ప్రశ్నిస్తుండగా బిల్ గేట్స్ మామూలు మాటల అర్థం మీదనే తగువుపడ్డారు. ఆ వీడియోను కోర్టులో ప్రదర్శించినప్పుడు దెబ్బతిన్నది సంస్థ విశ్వసనీయతే.

అటువంటి పరిస్థితి రాకుండా కాచుకోవడం కార్పొరేట్ న్యాయవాది మొదటి కర్తవ్యం. యూనియన్ కార్బైడ్ న్యాయవాదులు ఆ పనిని సమర్థంగా నెరవేర్చారు. భారత న్యాయస్థానాలే ఈ కేసుకు తగినవని వారు వాదించారు; కావని భారత ప్రభుత్వమే వాదించవలసి వచ్చింది. 1986 మేలో న్యాయమూర్తి జాన్ కీనన్ కేసును భారతదేశానికి పంపుతూ, సాక్ష్యసేకరణలో కంపెనీ అమెరికా నిబంధనలకే కట్టుబడాలని షరతు విధించారు. ఒక పక్షానికే ఆ భారం తగదంటూ 1987 జనవరిలో అప్పీలు న్యాయస్థానం ఆ షరతును కొట్టివేసింది.

భోపాల్ జిల్లా కోర్టులో వ్యాజ్యం మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం నడిచింది. అందులో లిఖితపూర్వక ప్రశ్నావళి ఉంది, పత్రాల తనిఖీ ఉంది. విచారణకు ముందే ప్రత్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి నోటి మాటగా ప్రశ్నించే హక్కు లేదు. మధ్యంతర పరిహారంపై తగాదా సుప్రీంకోర్టుకు చేరింది. 1989 ఫిబ్రవరి 14న 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పరిహార వ్యాజ్యంలో పూర్తి విచారణ జరగనే లేదు.

ఆ లోటు విలువ 2023 మార్చిలో మరోసారి తేటతెల్లమయింది. అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు తిరస్కరించింది. రాజీని మోసం కారణంగానే రద్దు చేయగలమని, అటువంటి ఆరోపణ కేంద్రం చేయనే లేదని తేల్చింది. కంపెనీకి ఏమి తెలుసో, ఎప్పుడు తెలుసో ప్రమాణం మీద రాబట్టకుండానే రాజీకి ఒప్పుకున్న ప్రభుత్వం, ముప్పై నాలుగేళ్ల తరువాత ఏ ఆధారంతో ఆ మాట అనగలదు? కార్బైడ్ న్యాయవాదులు తమ కక్షిదారును సంతృప్తిపరిచారు. బాధితులందరికీ ఏకైక ప్రతినిధిగా నిలిచిన ప్రభుత్వం తన కక్షిదారులకు ఆ మాత్రం న్యాయవాదిగా కూడా నిలువలేకపోయింది.