కండలేటి ముఖాన కృష్ణపట్నం

నెల్లూరుకు ఆగ్నేయంగా, ముత్తుకూరు మండలంలో, కండలేరు సముద్రంలో కలిసేచోట ఉన్న కృష్ణపట్నం కోరమండల తీరపు పాత రేవుల్లో ఒకటి. కెరటాలు నేరుగా ఇసుకగట్టును తాకే ఈ తీరంలో ఓడలకు సహజమైన మరుగు అరుదు కనుక, లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుటేరు, అంటే ఆటుపోట్లకు లోబడే పాయ, చిన్న నావలకు పెద్ద ఆసరా అయింది. పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డు చేరేది. మేకులు వాడక, పలకలను నారతాళ్లతో కుట్టి చేసే మసూలా పడవ అలల దెబ్బకు పగలకుండా సాగి నిలిచేది కాబట్టి ఈ తీరమంతటా దానికే గిరాకీ.

పదమూడవ శతాబ్దపు శాసనాలు ఈ ఊరిని కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ పేర్కొంటాయి. ‘గండగోపాల’ అన్నది నెల్లూరు తెలుగు చోడుల బిరుదు. కవి తిక్కన ఆశ్రయించిన మనుమసిద్ధి ఆ వంశంవాడే. పాలకుడి బిరుదును రేవుకు పెట్టడం అక్కడి సుంకాల రాబడిపై అతనికున్న ఆసక్తిని సూచిస్తుంది. ఉత్తరాన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఆనాటి రేవుల తీరును మరింత దగ్గరగా చూపుతుంది: గాలివానకు చెదరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కొనేవారనీ, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అది వర్తకులకు హామీ ఇచ్చి, గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడం, మిరియాలు వంటి సరుకులపై రేట్లను కూడా పేర్కొంది. నమ్మకం కుదరని రేవుకు దూరదేశపు వర్తకుడు రాడని పాలకులకు తెలుసు.

కృష్ణదేవరాయల వల్ల ఇప్పటి పేరు వచ్చిందన్నది జనశ్రుతి. ఆ తరువాతి కాలంలో ఐరోపా కంపెనీలు దక్షిణాన చోటు వెతుక్కున్నాయి: డచ్చివారు పులికాట్‌లో, ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్‌లో స్థిరపడగా, ఆంగ్లేయులు 1639లో మద్రాసులో స్థలం సంపాదించి అక్కడికి తరలిపోయారు. మద్రాసు పెరిగినకొద్దీ నెల్లూరు సీమ సరుకు అటే మళ్లింది. తీరం వెంబడి తవ్విన బకింగ్‌హాం కాలువ మీద పడవలు సముద్రం ముఖం చూడకుండానే సాగిపోసాగాయి. కాబట్టి ఈ రేవు క్షీణతకు ఏటి ముఖాన ఇసుక మేటలే కారణమనడం సగం నిజమే. వెనుకనున్న వ్యాపారం దారి మార్చుకోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఆధునిక రేవు చరిత్ర కూడా దీన్నే బలపరుస్తుంది. లోతుగా తవ్విన కొత్త రేవు 2008లో పనిలోకి వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టిన ఎగుమతి బళ్లారి ప్రాంతపు ఇనుప ఖనిజం. 2010లో కర్ణాటక ఆ ఎగుమతిని ఆపాక బొగ్గు దిగుమతి ముందుకొచ్చింది. నేలటూరులోని థర్మల్ విద్యుత్కేంద్రం, చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఈ రేవును నమ్ముకొని వెలిసినవే. 2020లో యాజమాన్యం అదానీ సంస్థ చేతికి వచ్చింది. అంతకు ముందు ఏడాదే, వెలికొండను సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగంతో తొలిచిన ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలుమార్గం ప్రారంభమై, రాయలసీమ సరుకుకు ఈ రేవుకు దగ్గరి దారి ఏర్పడింది.