చీలమండకు దన్ను: వెదురుబద్ద నుండి లోహఫలకం వరకు

శంషాబాదు విమానాశ్రయంలో తనిఖీ ద్వారం దాటునప్పుడు యంత్రం ఒక్కొక్కసారి కీచుమనును. "చీలమండ విరిగితే ప్లేటు వేసినారు బాబూ" అని ప్రయాణికుడు చెప్పుకొనును. వేలెడంత పొడవైన ఆ రేకు వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తలచువారు అరుదు. ఆ చరిత్ర చాలవరకు విదేశాలది. అయినను మన హైదరాబాదునకును అందులో పాలు కలదు.

ముందుగా చీలమండ సంగతి. మోకాలి క్రింది రెండు ఎముకల కొనలు కలిసి ఒక గూడుగా ఏర్పడినవి. పాదపు ఎముక ఒకటి ఆ గూటిలో ఆడుచుండును. నిలిచినను నడిచినను దేహభారమంతయు అక్కడనే ఆనును. ఆ ఎముక ఒక్క మిల్లీమీటరు వెలుపలికి జరిగినను కీలులోని ఆనిక వైశాల్యం 42 శాతం తగ్గునని 1976లో రామ్సే, హామిల్టన్ అను వైద్యులు ప్రకటించినారు. కనుక చీలమండ విరిగినప్పుడు "ఇంచుమించుగా" అతుకుట చాలదు. గూడు చెదిరినచో కీలు కొన్నేండ్లకు అరిగి, అడుగు తీసి అడుగు వేయుట కష్టమగును.

విరిగిన ఎముకకు వెదురుబద్దలు, చెట్టుబెరడులు కట్టుట సుశ్రుత సంహిత నాటికే తెలిసిన విద్య. పుత్తూరు కట్టు నేటికిని తెలుగునాట పేరుమోసినది. 1852లో డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్ పిండికట్టును ప్రవేశపెట్టెను. అయితే ఇవన్నియు పైనుండి పట్టునవి. లోపల జరిగిన తునకను మిల్లీమీటరు తేడా లేకుండ నిలుపుట ఎల్లప్పుడు వాటికి సాధ్యము కాదు. పైగా నెలల తరబడి కదలని కీలు బిగుసుకొనిపోవును.

లోపలికి పోవలెనన్న రోగికి నొప్పి తెలియరాదు, గాయం చీము పట్టరాదు, ఎముక కంటికి కనబడవలెను. 1867లో లిస్టరు క్రిమినాశక పద్ధతి, 1895లో రంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు రెండు చిక్కులను తీర్చినవి. మొదటి చిక్కు విషయములో హైదరాబాదు పేరు వినవచ్చును. క్లోరోఫారం వలని ప్రమాదమును పరిశోధించుటకై వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాము ప్రభుత్వ సాయముతో 1888లోను 1889లోను ఇక్కడ రెండు సంఘములు పనిచేసినవి. వాటి నిర్ణయములు తరువాతి పరిశోధనలకు నిలువలేదు. అయినను ప్రపంచ వైద్యలోకం ఆనాడు ఈ నగరమువైపు చూచినది.

1886లో హాంబర్గు వైద్యుడు హాన్స్‌మన్ ఎముకపై లోహఫలకమును మరలతో బిగించెను. తరువాతివారి ఫలకాలు కొన్ని త్రుప్పుపట్టినవి, కొన్ని విరిగినవి. 1958లో స్విట్జర్లాండు శస్త్రవైద్యులు ఏ.ఓ. అను సంఘముగా ఏర్పడి ఈ విద్యకు శాస్త్రీయమైన క్రమము కల్పించినారు. అంతటితో ఒక చిక్కు మిగిలినది. మరలు ఫలకమును ఎముకకు అదిమిపెట్టును. ఆ ఒత్తిడివలన ఎముకపై పొరలోని రక్తప్రసారం తగ్గును. ముసలి ఎముక గుల్లబారి ఉండుటచే మర పట్టు వదలును.

ఈ చిక్కునకు సమాధానమే 2000 ప్రాంతములో వ్యాప్తిలోనికి వచ్చిన లాకింగ్ ప్లేటు. ఇందులో మర తలకును, ఫలకపు రంధ్రమునకును కూడ చుట్లు ఉండును. బిగించగానే రెండును ఒకటై, ఒకే చట్రమువలె నిలుచును. ఫలకం ఎముకను గట్టిగా అదుమ నవసరం లేదు. గుల్ల ఎముకలో సైతము పట్టు నిలుచుటకు అవకాశం హెచ్చు.

హైదరాబాదులో ఈ విద్య నిలదొక్కుకొనుటకు పంజాగుట్టలో 1960లలో నిజాము ధర్మనిధి పక్షాన వెలసిన ఎముకల ఆసుపత్రి తోడ్పడినది. నేటి నిమ్సు దాని రూపాంతరమే. శంషాబాదు నుండి నగరము తూర్పువైపునకు పోయినచో కంచన్‌బాగులో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ కనబడును. విమానాలకు, క్షిపణులకు కావలసిన టైటానియం మిశ్రమాలను తయారుచేయు ఆ సంస్థ, దేహములో అమర్చు వైద్యపరికరాలకు తగిన లోహమును కూడ రూపొందించినది.

కొత్తది కనుక ఇదే అందరికిని ఉత్తమమని తలపరాదు. గట్టి ఎముకకు సాధారణ ఫలకం తక్కువ ఖర్చుతో చాలును. ఏది తగునో వైద్యుడు నిర్ణయించవలెను. గృహస్థుడు చేయవలసినది ఒకటే: మడమ వాచి, అడుగు వేయలేనప్పుడు "బెణికినదిలే" అని తైలము మర్దించి కాలము గడపక, ఎక్స్‌రే తీయించుట. ఎన్ని శతాబ్దాల శ్రమయైనను ఆ మిల్లీమీటరు సరిచేయుటకే కదా.